న్యూయార్క్ రేటు, హౌరా రేటు

విజయవాడ,
8 సెప్టెంబరు 2004, బుధవారం.

బాబాయ్‌కి పద్మ రాస్తున్నది.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఎనిమిదీ పదికి జరిగింది. నువ్వు ఇప్పించిన ఉద్యోగం ఇంతకాలం బోర్డు మీద సుద్దముక్కతో అంకెలు రాయడమే అనుకున్నాను. ఇవాళ మా షేర్ల బ్రోకరు వెంకటసుబ్బారావు గారు కంప్యూటర్‌లోంచి తీసిన కాగితం నా చేతికిచ్చి, "అమ్మాయ్, ఇది పైన రాయి, పెద్దక్షరాలతో" అన్నారు. రాశాను. మెట్ల మీద నిలబడ్డ పదిహేను మందీ ఒక్కసారి "అబ్బా" అన్నారు. నేను ఏం రాశానో నాకే తెలియదు!

తర్వాత అడిగి తెలుసుకున్నాను. మన దగ్గర షేర్ల మార్కెట్ తెరిచేది తొమ్మిదీ యాభై ఐదుకి. కానీ ఆ బెంగళూరు కంప్యూటర్ల కంపెనీ షేరుని న్యూయార్క్‌లో కూడా అమ్ముతారట. మనకి రాత్రి, వాళ్లకి పగలు. మనం నిద్రపోతుంటే మన కంపెనీ ధర అక్కడ మారిపోతుంది. తెల్లారేసరికి ఆ సంగతి ఈ బోర్డు మీదికి వస్తుంది. మార్కెట్ తెరవకముందే ధర తెలిసిపోవడం! ఆ గంటా ముప్పావు సేపూ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు మీద ఉన్న ఈ చిన్న గదిలో ఎవరూ కుర్చీలో కుదురుగా కూర్చోరు.

ఇంకో కొత్త మాట నేర్చుకున్నాను: ఆప్షన్. షేరు కొనక్కర్లేదు. నెలాఖరు గురువారం దాకా దాన్ని ఫలానా ధరకి కొనుక్కునే హక్కు మాత్రం కొంటారు. హక్కు ఉంటుంది, బాధ్యత ఉండదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన ఎంత బాగున్నాయో చూడు. నా మాటల నోటుబుక్కులో రాసుకున్నాను. నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, అది అచ్చం మీ చెరువు బయానాయే బాబాయ్. చేపలు పట్టకముందే నాలుగు డబ్బులిచ్చి "ఈ చెరువు నాది" అనిపించుకోవడం లేదూ, అలాగే.

పిన్ని పంపిన చేపల పచ్చడి హాస్టల్లో రెండు రోజులే వచ్చింది. సీసా చేపల వ్యాను సొలొమోనుతో వెనక్కి పంపుతున్నాను, మర్యాదగా కడిగి.

నీ
పద్మ


కైకలూరు,
10-9-2004.

చిరంజీవి పద్మకి బాబాయ్ దీవెనలు.

నీ ఉత్తరం షెడ్డులో ఐసు పెట్టె మీద కూర్చుని రెండుసార్లు చదివాను. రెండోసారి పైకి చదివితే ఇశ్రాయేలు విన్నాడు. "గంగాధర్, న్యూయార్క్‌లో మన శీలావతి చేప తింటారా అడుగు, ఈసారి లారీ అటు తిప్పుదాం" అన్నాడు. నవ్వి వల బాగుచేసుకోడానికి పోయాడు. వాడికి చెరువు తప్ప ఇంకో లోకం లేదు. పన్నెండెకరాల చెరువు మా ఇద్దరికీ లీజున్నా, దానికి కాపలా కుక్క మాత్రం వాడే.

నాకు మాత్రం నీ ఉత్తరం నూనె దీపం కాదు, ట్యూబులైటు వేసినట్టయింది. మాకు హౌరా నుంచి ఫోను పొద్దున నాలుగున్నరకి వస్తుంది. మా చేపలు కొనే సేఠ్ రేటు చెబుతాడు, నేను సరేనంటాను, వల దిగుతుంది. మార్కెట్ తెరవకముందే రేటు తెలుసుకోవడం నాకు పుట్టినప్పట్నుంచీ ఉన్న పనేగా! దాన్నే మీ సుబ్బారావు గారు గాజు డబ్బాలో పెట్టి చేస్తున్నాడు.

ఆయన దగ్గర పోయిన నెలే ఖాతా తెరిచాను. నీకు చెప్పలేదు. జీపు బండి అమ్మేశాను, ఆ డబ్బు ఖాళీగా ఉంది. నువ్వొక పని చెయ్యి. రోజూ ఎనిమిదీ నలభైకి షెడ్డుకి ఫోను చేసి న్యూయార్క్‌లో ఎంత పెరిగిందో, ఇక్కడ ఆ ఆప్షన్ నిన్న ఎంత ఉందో రెండు అంకెలు చెప్పు. అంతే, ఎక్కువ మాట్లాడకు. ఇక్కడ ఫోను మోగితే పదిమంది చెవులు ఇటే ఉంటాయి. మిగతాది ఉత్తరం రాసి సొలొమోను చేతికివ్వు. వాడి వ్యాను రోజూ బెజవాడ చేపల మార్కెట్‌కి వస్తూనే ఉందిగా.

బయానా అని భలే చెప్పావు. లెక్చరర్లు కూడా అలా చెప్పలేరు.

గంగాధర్


విజయవాడ,
16 సెప్టెంబరు 2004, గురువారం.

గంగాధర్ గారికి,

నిన్న జరిగింది మీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం జన్మంతా గుర్తుంటుంది.

మీరు అడిగినట్టే ఎనిమిదీ నలభైకి ఫోను చేశాను. న్యూయార్క్‌లో నాలుగు శాతం పెరిగిందనీ, ఆప్షన్ మొన్న మార్కెట్ మూసేసరికి నలభై రెండనీ చెప్పాను. తొమ్మిదింటికి మీరు ఆఫీసుకి ఫోను చేశారు. ఐదు లాట్లు, అంటే వెయ్యి షేర్ల మీద హక్కు, తీసుకోమన్నారు. సుబ్బారావు గారు "ఏ రేటు పెట్టమంటారండీ?" అని నా ముందే అడిగారు. "తెరవగానే తీసుకోండి" అన్నారు మీరు. ఆయన తీసుకున్నారు. అది ఎనభై ఒకటి దగ్గర తెరుచుకుంది. మధ్యాహ్నానికి యాభైకి దిగింది.

పన్నెండింటికి మీరు మళ్లీ ఫోను చేశారు. కంప్యూటర్ ఆపరేటర్ చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కాడు. "నలభై రెండు చెప్పి ఎనభై ఒకటికి రాస్తావా, దొంగ వెధవా" అన్న మీ గొంతు గదంతా వినపడింది. నేను సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరే ఉన్నాను. ఒక పెద్దాయన కళ్లజోడు తీసి మరీ నన్ను చూశాడు. సుబ్బారావు గారు మెల్లగా అడిగారు:

"మీ బాబాయేనా అమ్మా?"

"అవునండీ" అన్నాను. ఆ ఒక్క మాట పలకడానికి ఎంత బరువు మోయాల్సి వచ్చిందో మీకు తెలియదు.

నలభై రెండు మొన్నటి ధర. న్యూయార్క్ సంగతి మీ ఒక్కరి చెవిలో చెప్పిన రహస్యం కాదు. మెట్ల మీద ఉన్న వాళ్లందరికీ తెలుసు, అమ్మేవాడికి ఇంకా ముందే తెలుసు. తెలిశాక పాత ధరకి ఎవడమ్ముతాడు? ఆ పెరుగుదల అంతా తెరిచిన మొదటి క్షణంలోనే అయిపోయింది. మీరు కొన్నది అయిపోయిన తర్వాత.

ఎనభై ఒక్క వేలు! పిన్నికి తెలుసా? ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఉన్న బండి కూడా అమ్మేశారు కదా.

ఇక ఫోను చేయను.

పద్మశ్రీ


కైకలూరు,
17-9-2004.

పద్మశ్రీ గారికి గంగాధర్ అనే చేపలోడు చేసుకునే మనవి ఏమనగా,

'మీరు' అని రాస్తావా? ఎవర్ని? నీకు అమ్మోరు పోసినప్పుడు పదిహేను రోజులు భుజాన వేసుకుని తిరిగినవాణ్ని. మీ నాన్న సముద్రం మీదుంటే నిన్ను కాలేజీలో చేర్చి, హాస్టల్ ఫీజు కడుతున్నవాణ్ని. బోర్డు మీద నాలుగంకెలు రాయడం వచ్చేసరికి బాబాయ్ కాస్తా గారు అయిపోయాడు.

విను. హౌరా సేఠ్ పొద్దున నాలుగున్నరకి కిలో ముప్పై రెండంటాడు. నేను సరేనంటాను. లారీ అక్కడికి చేరేసరికి రేటు ఇరవయ్యారుకి పడిపోయినా ముప్పై రెండే ఇస్తాడు. నలభైకి పెరిగినా నేను ముప్పై రెండే తీసుకుంటాను. కాగితం లేదు, సంతకం లేదు. ఒక్కసారి రేటన్నాక అయిపోయింది. పదహారేళ్లలో నేను గానీ ఆయన గానీ ఒక్క రూపాయి అటూ ఇటూ కాలేదు. మార్కెట్ తెరవకముందే నువ్వు నలభై రెండన్నావు. తెరవకముందే నేను తీసుకోమన్నాను. ఇంకేం కావాలి? మీ మార్కెట్‌లో మాటకి ఆ మాత్రం విలువ లేకపోతే అక్కడ నీకేం పని? వచ్చి షెడ్డులో ఐసు కొట్టు, నాలుగు నిజాలు నేర్చుకుంటావు.

ఇప్పుడు అమ్మేసి వచ్చింది తీసుకోమంటున్నాడు మీ సుబ్బారావు. నేను అమ్మను. నిలబెడతాను. నీ మొదటి ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది.

గంగాధర్


విజయవాడ,
20 సెప్టెంబరు 2004, సోమవారం.

గంగాధర్ గారికి,

ఇవాళ మీ ఆప్షన్ ధర ఇరవై తొమ్మిది. అమ్మేయండి. రోజు గడిచేకొద్దీ అది కరిగిపోతుందని చెప్పడానికి సుబ్బారావు గారు మీకు రెండుసార్లు ఫోను చేశారట, మీరు ఎత్తలేదట. నిలబెడతానంటే అది మీ పౌరుషం అనుకుంటున్నాను. పౌరుషానికి ఎవరూ రేటు కట్టరు.

గురువారం నుంచి నాకు పరీక్షలు. నెలాఖరు దాకా ఆఫీసుకి వెళ్లను. హాస్టల్ ఫీజు ఇక మీరు పంపక్కర్లేదు. మెస్‌లో లెక్కలు రాసే పని అడిగాను.

పద్మశ్రీ


కైకలూరు,
30-9-2004.

అమ్మడూ,

సొలొమోను చేతికి బొచ్చె చేప తలకాయ పులుసు ఇచ్చి పంపుతున్నాను. మీ పిన్ని నిన్న రాత్రంతా నీ పేరే తలుచుకుంది. పరీక్షలు అయిపోయి ఉంటాయి. కోపం తెచ్చుకున్నంత సేపు తెచ్చుకున్నాం, ఇక చాలు. నోరు జారాను, ఆఫీసులో నీకు తలవంపులయ్యాయి. సుబ్బారావు గారికి కూడా ఏదో ఒకటి చెప్పు.

ఇవాళే నెలాఖరు గురువారం. షేరు మనం అనుకున్నంత పెరగలేదని పేపర్లో చూశాను. పోనీలే. ఆయన్ని నా బయానా అక్టోబరుకి నిలబెట్టమను. మాకు ఇక్కడ రేటు బాగోకపోతే చేపల పట్టుబడి వాయిదా వేసుకుంటాం, బయానా తర్వాతి పట్టుబడికి అలాగే నిలుస్తుంది. ఎప్పుడూ ఎవరూ మింగేయరు. కాదూ కూడదంటే సగం తిరిగివ్వమను, మిగతా సగం ఆయనే ఉంచుకోమను. అది కూడా ధర్మమే. ఆ సగం మాత్రం మంగళవారం లోపు కావాలి. అవసరం ఉంది.

బాబాయ్


విజయవాడ,
1 అక్టోబరు 2004, శుక్రవారం.

బాబాయ్,

నిలబెట్టడానికి అక్కడ ఏమీ లేదు. నిన్న మూడున్నరకి అది చచ్చిపోయింది. సున్నా. సగం కాదు, పావలా కాదు, సున్నా. ఈ రోజు పొద్దున నేనే బోర్డు మీద సెప్టెంబరు వరసంతా తుడిచి అక్టోబరు రాశాను.

నీ ఉత్తరం మెట్ల మీదే రెండుసార్లు చదివాను. 'నిలబెడతా' అని నువ్వు రాసింది మొండితనం అనుకున్నాను. నీ లెక్కలో అది చెరువు బయానాలా మళ్లీ నెలకి వెళుతుందన్నమాట! పది రోజుల క్రితం నాకు ఈ ముక్క తెలిసుంటే రైలెక్కి వచ్చి నీ చేత అమ్మించేదాన్ని. ఇరవై తొమ్మిది వేలు మిగిలేవి.

కానీ నా కోపం దానికి కాదు. పులుసు గిన్నె ఇస్తూ సొలొమోను ఏమన్నాడో చెబుతాను, విను.

"పొద్దున్నే మీ బాబాయ్ బండేసుకుని షెడ్డుకొచ్చి మరీ ఇచ్చాడమ్మా. ఒలకకుండా తీసుకెళ్లమని పదిసార్లు చెప్పాడు."

"ఏ బండి?"

"ఏ బండేంటమ్మా? ఎర్ర బండి. ఆయనకి ఎన్ని బండ్లున్నాయని!"

"అది అమ్మేశాడుగా?"

"ఎవరన్నారు? కొత్త టైర్లు కూడా వేయించాడు." సొలొమోను నవ్వి, మళ్లీ తనే అన్నాడు: "మంగళవారం చెరువు లీజు కిస్తీ కదమ్మా, హనుమయ్య గారికి కట్టాలి. ఇశ్రాయేలన్న తన వాటా ఎనభై వేలూ మీ బాబాయ్ చేతిలో పెట్టి నెలపైనే అయింది. అన్నకేం, నిశ్చింత. మేం టెన్షన్ పడాలి గానీ."

నిశ్చింత! ఆ మాట కూడా నా నోటుబుక్కులో ఉంది బాబాయ్. అందమైన మాట అని రాసుకున్నాను. ఇశ్రాయేలు మావయ్య ముఖం తలుచుకుంటే ఇప్పుడది చదవలేకపోతున్నాను.

బండి అమ్మానని నాకు అబద్ధం చెప్పావు. ఆ బండి కోసం నేను ఏడ్చాను కూడా. ఎవరి డబ్బది? ఒక్క మాటలో రాయి. రేపటి వ్యాన్‌కి జవాబు రావాలి.

పద్మ


కైకలూరు,
2-10-2004.

పద్మకి,

అవును. ఇశ్రాయేలు డబ్బే. ఒక్క మాట అడిగావు, ఒక్క మాట చెప్పాను.

పది రోజుల్లో రెట్టింపు చేసి, వాడి వాటా వాడికి పెట్టి, మిగిలింది నా వాటాకి కడదామనుకున్నాను. నా వాటా కూడా నా దగ్గర లేదు. జూన్‌లో తవుడు రేటు పెరిగి మొత్తం మేతకే పోయింది. ఆ సంగతి వాడికి చెప్పడానికి మొహం చెల్లలేదు. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. బయానా అని రాసింది నువ్వా నేనా? చచ్చిపోతుందని ఎక్కడ రాశావు? హక్కు, బాధ్యత అంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశావే, అసలు ముక్క రాయడానికి కాగితం చాలలేదా?

సరే, దారి చూశాను. సోమవారం పొద్దున చెరువు పట్టేస్తున్నాను. చేప ఇంకా ముప్పావు కిలో ఉంది, డిసెంబరు దాకా ఉంచితే కిలోన్నర తూగేది. ఏం చేస్తాం? చిన్న చేపకి వచ్చిన రేటుతోనే మంగళవారం కిస్తీ కట్టేస్తాను. ఇశ్రాయేలుకి నీళ్లలో గాలి తగ్గిందనీ, చేప తేలుతోందనీ, ఆగితే మొత్తం పోతుందనీ చెప్పాను. వాడు నమ్మాడు. నిన్నట్నుంచి ఇంటికి పోకుండా మోటారు పెట్టి నీళ్లు చిమ్ముతూ గట్టు మీదే ఉన్నాడు.

సోమవారం నాలుగున్నరకి సేఠ్ ఫోను. నేను సరే అంటాను. ఒకసారి రేటన్నాక ఇశ్రాయేలు కూడా కాదనలేడు, వాడికీ ఆ పద్ధతి తెలుసు. ఎవరికీ ఏమీ తెలియదు. నువ్వు నోరు మూసుకుని చదువుకో.

గంగాధర్


విజయవాడ,
3 అక్టోబరు 2004, ఆదివారం.

బాబాయ్,

నీ ఉత్తరం హాస్టల్ గేటు దగ్గరే చదివాను. సొలొమోను వ్యాను ఆపి ఉంచమని చెప్పి, గోడ మీద కాగితం పెట్టి ఇది రాస్తున్నాను. అక్షరాలు ముత్యాల్లా లేవు, క్షమించు.

లేని జబ్బుకి ఆ మనిషి మూడు రోజులుగా నిద్ర మానుకుని నీళ్లు చిమ్ముతున్నాడా? నువ్వు గట్టు మీద నిలబడి చూస్తున్నావా? డబ్బు పోయిందంటే తెలియక పోయిందనుకున్నాను. దీన్ని ఏమనాలి? నా నోటుబుక్కులో నాలుగొందల మాటలున్నాయి, ఒక్కటీ సరిపోవడం లేదు. తిట్లు రాసుకోలేదు నేను, అది నా పొరపాటు.

పదహారేళ్లు సేఠ్‌తో రూపాయి అటూ ఇటూ కాలేదని నాకు రాశావు. ఫోనులో గొంతు తప్ప ముఖం ఎరగని మనిషికి ఇచ్చిన మాట నిలబడాలి. రోజూ నీ పక్కన కూర్చుని అన్నం తినే మనిషికి మాత్రం ఆ మాటే ఉరితాడు కావాలి. అతను కాదనలేడని తెలిసే రేటు ఒప్పుకుంటావు. మా మార్కెట్‌లో మాటకి విలువ లేదని తిట్టావే! అక్కడ నీ డబ్బు నీకు చెప్పే తీసుకున్నారు బాబాయ్. ముందే అమ్మమన్నారు, ఆ తర్వాత కూడా నువ్వు ఎత్తకపోయినా రెండుసార్లు ఫోను చేశారు.

నా సంగతీ చెబుతాను. బయానా అని రాసింది నేనే. ఆ పోలిక బాగుందనిపించింది, రాసేశాను. నిజంగా సరిపోతుందా అని సుబ్బారావు గారిని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. అడగలేదు. ఆ తర్వాత అది చచ్చిపోతుందని తెలిసింది. నీకు తెలియదేమో అన్న ఆలోచన రానంత కోపంలో ఉన్నాను. నీ మీద అరిచే హక్కు నాకు పూర్తిగా లేదు, అయినా అరుస్తున్నాను. ఇశ్రాయేలు మావయ్య ముందు కూడా ఈ ముక్క ఇలాగే చెబుతాను. నా వంతు తిట్లు నేను తింటాను.

నా ఫీజు కోసం, నా చదువు కోసం నోరు మూసుకోమనకు. ఆ మాట ఇంకోసారి అంటే చదువే మానేస్తాను.

చేప ఇప్పుడే పట్టాలో, ఎర్ర బండి అమ్మి, హనుమయ్య గారిని పదిహేను రోజులు గడువు అడగాలో, నిన్ను చెరువులోకి తోసేయాలో, అది ఇశ్రాయేలు మావయ్య చెప్పాలి. నువ్వు కాదు, నేను కాదు, సేఠ్ అసలే కాదు.

ఈ ఉత్తరం మధ్యాహ్నానికి నీకు అందుతుంది. నేను సాయంత్రం భీమవరం ప్యాసింజర్‌కి వస్తున్నాను. వార్డెన్ గారి అనుమతి తీసుకున్నాను. స్టేషన్‌కి రావద్దు, నీ బండెక్కను. పిన్ని దగ్గర పడుకుంటాను. ఆమెకి ముందే ఏమీ చెప్పకు, ఇంకో అబద్ధం మాత్రం అసలు చెప్పకు.

రేపు పొద్దున నాలుగింటికి షెడ్డు తలుపు నేను తీస్తాను. నువ్వు గట్టు మీదికి వెళ్లి, మోటారు ఆపి, ఇశ్రాయేలు మావయ్యని తీసుకురా. ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి, నీ నోటితో మొత్తం చెప్పు. నాలుగున్నరకి ఫోను మోగుతుంది. అది నేనే ఎత్తుతాను. నువ్వు చెప్పడం పూర్తయ్యేదాకా సేఠ్‌ని లైన్‌లోనే ఉంచుతాను. ఆయన ఎంత అరిచినా సరే, రేటు నీ చెవిన పడనివ్వను.

పద్మ